రాత్రి డ్యూటీ రాత

కర్నూలు పెద్దాసుపత్రిలో నా మొదటి రాత్రి
పన్నెండు మంచాలకు పన్నెండుసార్లు రాసినాను:
'కండిషన్ ఫెయిర్.'
చేతిరాత మాత్రం ముత్యాలే.

తెల్లారి సలోమి సిస్టర్
కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి చదివింది.
"ఏడో మంచమాయప్ప కండ్లు పసుపు ముద్దలైనాయి గదా,
ఫెయిరా పాపా?
రాత్రి ఎన్నిసార్లు నీళ్లడిగినాడు?"
మూడుసార్లు.
"పాస్ పోసినాడా?"
కొంచెం. డికాషన్ రంగులో.
"మరి అది యాడ రాసినావ్?"

రాయలేదు.
కండ్లు చూసినాయి, చెవులు విన్నాయి,
పెన్ను ఒక్కటే నిద్రపోయింది.

ఆ పొద్దు నుంచి మందుల ట్రాలీ పక్కనే బడి.
'బాగానే' కొట్టేయ్.
'కొద్దిగా' అంటే ఎంత? గ్లాసా, గుక్కా?
'రాత్రంతా' అనేది గడియారంలో ఏ అంకె మీద ఉంటాది?
"నువ్వు ఇంటికి పోయి పండుకుంటావు.
పొద్దున డ్యూటీ పిల్లకు నీ మొగం కనపడదు,
నీ రాతే కనపడేది."

అలిగినాను, ఎందుకు దాచాలి?
ఆదోని కాలేజీలో వ్యాసరచనకు
స్టీలు టిఫిన్ డబ్బా గెల్చుకున్నదాన్ని.
కేసీ కాలువ గట్టున హాస్టలుకు నడుస్తా
మనసులోనే ఆమెకో పెద్ద ఉత్తరం రాసినాను,
అన్నీ విశేషణాలే.

ఏప్రిల్లో ఒక రాత్రి.
అర్ధరాత్రి దాటినా వార్డు గోడలు పెనం మాదిరి.
'నాలుగో మంచం, మారెక్క, ఆలూరు.
2.10: కుట్ల మీద గుడ్డ తడిసింది, అరచేయంత.
2.30: తడి ఇంకో రెండు వేళ్లు పెరిగింది. చేతులు సల్లగున్నాయి.
"సీకటైతాంది సిస్టరమ్మా" అన్నది. లైట్లు వెలుగుతానే ఉన్నాయి.
2.32: డాక్టరుకు ఫోన్.'

ఉరుక్కుంటా వచ్చిన డాక్టరు
నిలబడే ఆ నాలుగు ముక్కలు చదివినాడు.
నన్నేమీ అడగలేదు,
రక్తం తెమ్మని మాత్రం అరిచినాడు.

మారెక్క తొమ్మిదోనాడు ఆలూరు బస్సెక్కింది.
ఆ కాగితం సంగతి ఆమెకు తెలీదు.

సలోమి సిస్టర్ మాత్రం మర్నాడే చదివింది, రెండుసార్లు.
మెచ్చుకుంటాదని చీర కొంగు సర్దుకుని నిలబడినాను.
"అరచేయంత అంటే
ఎవరి అరచేయి పాపా?"
తన చేయి తెచ్చి నా చేతికి ఆనించింది.
ఆమెది నాకన్నా చిన్నది.
ఇన్నాళ్లూ గమనించనేలేదు.

ఆ సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గర అంగట్లో
ఆరంగుళాల స్కేలు కొన్నాను.