నీళ్ళు పడినాయా

స్టాంపులు ఏరుకునేవాళ్ళు వేరే. వాళ్ళకు రాజుల తలకాయలు కావాల.
నాకు ఆ తలకాయల మీద పడిన నల్లమసి చాలు.
రేణిగుంట ఆరెమ్మెస్సులో ముప్పైరెండేళ్ళు
రాత్రి బండ్లకు సంచులు విప్పినోణ్ణి.
పాకాల ముద్రకు చివరక్షరం అరిగిపోయుండేది,
పుంగనూరోళ్ళు మసి ఎక్కువ పూస్తారు,
మదనపల్లె ముద్ర వంకర, కొట్టేవాడిది ఎడమచేతివాటం.

ఆ కట్ట చిత్తూరు చర్చి వీధిలో దొరికింది,
జిలానీ సాహెబు పాత పేపర్ల తక్కెట్లో,
బొరుగుల పొట్లాలకు పోబోతా.
పదకొండు కవర్లు. నలభైమూడు, నలభైనాలుగు నాటివి.
వెనకపక్క చిత్తూరు ముద్ర, తేదీతో సహా నిక్కచ్చిగా.
ముందరపక్క, పంపిన చోట,
ఒక ఉత్త గుండ్రం.
ఊరు లేదు. తేదీ లేదు.
యుద్ధం కదా, ఓడ యాడుండాదో తెలియకూడదు.
జాబులో దాని పేరున్న చోట కత్తెర పడింది,
కాగితానికి కిటికీ పెట్టినట్టు.

దొరస్వామి, బాయిలరు గదిలో పని,
పూతలపట్టు పక్కన పల్లె.
పెండ్లాం చెంగమ్మకు రాసినాడు:
"మాది కొట్లాడే ఓడ కాదు మే, తోడుపోయే ఓడ.
సరుకు ఓడలు పోతా ఉంటే చుట్టూ తిరగతా ఉంటాము,
గొర్రెల మందకు కుక్క మాదిరి.
అన్నిట్లోకీ నిదానంగా పోయేది ఏదో
దాని నడకే మా నడక."
ప్రతి జాబు చివరా ఒకటే మాట:
"బావిలో నీళ్ళు పడినాయా?"

పదేళ్ళు ఆ గుండ్రం వెనక పడినాను.
మద్రాసులో ఒక ముసలి సిగ్నల్‌మన్,
విశాఖలో పాత రికార్డుల గుమాస్తా,
జాబు చిత్తూరు చేరిన తేదీ నుంచి వెనక్కి రోజులు లెక్కేసి
మ్యాపు మీద పెన్సిలు చుక్కలు.
ఓడ మునగలేదు. అంతమటుకు తేలింది.
ఒకసారి నీళ్ళలోకి బాంబులు వదిలితే
నూనె పైకొచ్చిందంట, ఎవురిదో రాయలేదు.
ఒకసారి పద్నాలుగు మందిని తాడేసి లాగింది.
యుద్ధమయినాక తూకానికి అమ్మేసినారు.
ఓడకైనా చివరికి జిలానీ తక్కెడే.

పదకొండో కవరు ఇటునుంచి పోయింది.
చెంగమ్మ ఎవురిచేతో రాయించింది.
చిత్తూరు, బొంబాయి, కొలంబో, ట్రింకోమలీ, కలకత్తా, మళ్ళా బొంబాయి,
ముద్ర మీద ముద్ర, చోటు చాలక.
ఊదా రంగులో ఆఖరుది: ఈ పేరుగలవారు లేరు.
ఓడ ఉండాది, మనిషి లేడు.
ఎట్లా లేడో ముద్ర చెప్పదు.
తిరిగొచ్చినాక చెంగమ్మ కూడా విప్పలేదు.
తను చెప్పింది తనకు తెలుసు కదా.

విప్పని కవరుకు ధర ఎక్కువ. నెల్లూరాయన పన్నెండువేలంటాడు.
దీపానికి అడ్డం పెట్టి చూసినాను ఒక రాత్రి,
మడత మీద మడత, చీమలు అల్లుకున్నట్టు అక్షరాలు.

తెల్లారి బస్సెక్కి పోయినాను.
బావి ఉండాది.
అడుగున సీసాలు, ఒంటి చెప్పు, ఎండిన తుమ్మకంప.
వంగి చూస్తే రాతికట్టు మీద
ఒకదాని కింద ఒకటి తెల్లటి గీతలు,
ఏ ఏడు ఎందాక నిండిందో.
పై గీత నా పాదాలకు రెండడుగుల కింద.

"పడినాయి దొరస్వామీ" అన్నాను.

బోరు కాడ బిందె పట్టుకోనుండే పిల్ల
"ఎవురితో మాట్లాడతాండావు తాతా?" అనింది.

"పోస్టు" అన్నాను.