నలభై కౌంటు

ఇస్కపల్లి కాలవ దాటినాక మూడో గుంట గట్టు మీద
రాత్రి పదకొండుకి
అమెరికాకి ప్రెసిడెంటుని నిలబెడతా ఉండాం.
ఎలక్షన్లు ఇంకా రెండేళ్లు ఉండాయి.
రెండేళ్లంటే మాకు ఐదు పంటలు,
వైట్ స్పాట్ రాకపోతే.

"ఈసారి వాడు రాడు," అన్నాడు పోలయ్య,
ఏ వాడో చెప్పకుండానే,
మేత బస్తా కుట్టుదారం లాగుతా.
"అలిసిపోయినాడబ్బా. మొహం చూడు,
పెంకు వదిలిన రొయ్య మాదిరి మెత్తబడిపోయింది."

కాలేషా ఫోనులో బొమ్మల్ని తోస్తా ఉండాడు.
కంపెనీకి సరుకు కొనేవాడు గదా,
ఆడ సుంకం పావలా కదిలితే
ఈడ కిలోకి ముప్పై తెగ్గోసేది అతనే.
అందుకే అతని మాటకి బరువెక్కువ.
"గవర్నరొకడుండాడు, మంచు పడే రాష్ట్రం.
చేతులు కట్టుకుని నిలబడతాడు, నవ్వడు.
వాణ్ణే దించుతారు, రాసిపెట్టుకో."
రాసిపెట్టినా.
మేత లెక్కల పుస్తకంలో, మినరల్స్ కింద,
నీలం పెన్నుతో:
మంచు గవర్నరు. కాలేషా. బస్తా మేత.

"వాళ్లదేం కులం?" అన్నాడు దశయ్య, నిజంగానే తెలీక.
ఎవురూ నవ్వలా.
"ఉంటాదిలే ఏదో ఒకటి. లేకపోతే ఓట్లెట్ట పడతాయి?"
బావమరిది ఎవుడు, కాంట్రాక్టులు ఎవురికి,
పోయినసారి టికెట్టు రాక అలిగి
ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నోడెవుడు,
అల్లూరు మండలంలో మాకు తెలిసిన కొలతలన్నీ తీసి
చూడని ఆ ఊళ్లకి పెట్టి చూసినాం.
కొన్నిచోట్ల సరిపోయినాయి.
అప్పుడే కాస్త భయమేసింది.

నా వంతొచ్చింది.
ఫోను తీసుకుని బొమ్మల్లో వెనక్కి వెనక్కి పోయినా.
ఏదో సభ. వేదిక నిండా కోట్లు.
అంచున ఒకామె,
ఎవురిదో గొడుగు పట్టుకుని,
మైకు వైపు గాక
జనం చెప్పుల వైపు చూస్తా.
పేరు చదవబోతే నోట్లోనే ఇరుక్కుంది.
"ఈమె," అన్నా.
"ఎవురబ్బా ఈమె?"
"తెలీదు. మా చెంచమ్మత్త లాగుండాది."

చెంచమ్మత్త మా ఊరి ప్రెసిడెంటుకి నిలబడి
పదకొండు ఓట్లతో ఓడింది.
గుర్తు కత్తెర.
లెక్కపెట్టేటప్పుడు బడి కిటికీ బయట నిలబడి
ఆ పదకొండు మంది ఎవురెవురో
ఒక్కో మొహమే తలుచుకుందంట.
మర్నాడు నాట్లకి పోయి
వాళ్లలో నలుగురి పక్కనే వంగింది.
ఆమెకి తెలుసు.
అడగలా.

అంతలో కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఆగితే
చెవుల్లో దూది కుక్కినట్టుంటాది.
నీళ్లలో ఊపిరి తగ్గిపోతా ఉంటాది, కనపడదు.
పోలయ్య జనరేటరుకి, దశయ్య డీజిలుకి, నేను వైర్లకి.
కాలేషా మంచి ప్యాంటుతోనే
గుంటలోకి దిగినాడు, ఫోను తలపైకెత్తి.
టార్చి పడ్డంత మేరా
నీళ్ల మీద ఎర్రటి కళ్లు,
ఓటర్ల జాబితా అంత పొడుగున.
ఇవతల తెర మీద
ఆమె ఇంకా గొడుగు పట్టుకునే ఉండాది.

మూడో తాడుకి జనరేటరు దగ్గింది.
చక్రాలు నీళ్లని కొట్టడం మొదలుపెట్టినాయి.
అప్పుడు గాని ఎవురం ఊపిరి పీల్చలా.

మంచం దగ్గరికొచ్చి చూస్తే
పుస్తకం మీద ఎవురిదో తడికాలు.
మంచు గవర్నరు అలుక్కుపోయినాడు.
ఎవుడొస్తే మనకేంలే, అంటాడేమో పోలయ్య, అనుకున్నా.
అనలా.
అట్టా అనగలిగినోళ్లకి
గుంటలు ఉండవు.
"సుంకం దించేవాడు ఎవుడో సరిగ్గా చూడు కాలేషా,"
అన్నాడు, కాళ్ల బురద గీక్కుంటా.

తెల్లారి విసురు వల వేసి
కిలోకెన్నో లెక్కపెట్టినాం.
ముప్పై తొమ్మిది. నలభై.
కాలేషా ఇంకోసారి పెట్టమన్నాడు.
నలభై.
పుస్తకంలో కౌంటు రాసి
పైన నా వరస చూసుకున్నా. పేరు దగ్గర ఖాళీ.
కాసేపాగి రాసినా:
చెంచమ్మ.
బస్తా మేత.