మూడో ప్రతివాది

ముప్పై ఒక్క ఏండ్లు ఆయన కట్టలు మోసినోణ్ణి.
చిత్తూరు కోర్టుకు మెట్లెన్నో
నా మోకాళ్ళను అడగండి.

ఏకాంబరం ప్లీడరుకు మొదట్లో
గట్టు తగాదాలు, బోరుబావి తగాదాలు.
ఫీజు కింద ఒకడు చెనక్కాయలు తెచ్చేవాడు,
ఇంకొకడు రేపు తెస్తాననే మాట తెచ్చేవాడు.

ఒక జూన్ నెల సెల్వమ్మ వచ్చింది,
మామిడిగుజ్జు ఫ్యాక్టరీ నుంచి,
ఎనక ఇంకో పదకొండు మంది ఆడోళ్ళు.
సొన కాల్చి అరచేతుల తోలు
పాము కుబుసం మాదిరి లేచిపొయింది.
మస్టర్లో పేర్లు లేవు. మూడు సీజన్ల కూలి బాకీ.
"ఈమెను నేనెప్పుడూ చూళ్ళేదు"
అన్నాడు మేనేజరు, బోనెక్కి.

ప్లీడరు వాదించలేదు.
జడ్జిగారి అనుమతి అడిగి
నా సంచిలోంచి రెండు తోతాపురి కాయలు, కత్తి తీయించినాడు.
మేనేజరు కోస్తావుండేది కాయనో బొటనవేలినో
ఎవరికీ అర్థం కాలేదు.
సెల్వమ్మ మూడే కోతల్లో
టెంకను నున్నగా బల్ల మీద పెట్టి
చెయ్యి కొంగుకు తుడుచుకుంది.
సాయంత్రం దాకా కోర్టు హాలంతా మామిడి వాసన.

ఆ వాసనే ఆయన్ను ఎమ్మెల్యేను చేసింది.
ఆరువందల పదకొండు ఓట్ల మెజారిటీ.
నల్లకోటు మేకుకు తగిలించినాడు.
జేబులో రబ్బరు బ్యాండ్లు, సగం చప్పరించిన శొంఠి బిళ్ళ
అట్నే ఉండిపొయినాయి.

రెండోసారి గెలిచినాక,
సమ్మె ఇరవై రెండో రోజు,
గెస్ట్ హౌసులో చల్లటి గదిలో
ఒప్పందం మీద సంతకం పెట్టినాడు.
"సగమన్నా వచ్చింది కదరా" అన్నాడు కార్లో,
నా మొహం చూసి కాదు, అద్దంలోంచి బయటికి.
ఫ్యాక్టరీ తెరిచినారు.
ఆ పన్నెండు మందికి తప్ప.

ఓడిపొయినాక కోటు దులిపి తొడుక్కున్నాడు.
గుండీ పడలేదు.
క్లయింట్ల కుర్చీలు మేమిద్దరమే కూర్చుని అరగదీసినాం.

మొన్న సెల్వమ్మ వచ్చింది.
జుట్టు నెరిసింది, చేతులు మానినాయి.
"ఆ ఒప్పందం చెల్లదని కేసెయ్యాల సామీ" అంది,
కోపంగా కాదు, కాయ కోసినట్టు.

ఆయన శానాసేపు ఫ్యాను వైపు చూసినాడు.
"నేను వాదించకూడదు మే. వేరేవాళ్ళతో వేయిస్తా."
నా పక్క తిరిగి, "రాయరా" అన్నాడు.

ఒకటో ప్రతివాది, ఫ్యాక్టరీ యాజమాన్యం.
రెండో ప్రతివాది, కూలీల కాంట్రాక్టరు.
మూడో ప్రతివాది
అని రాసి కలం ఎత్తినాను.

"ఏకాంబరం, తండ్రి పేరు చిన్నమునెయ్య.
అడ్రసు సరిగ్గా రాయి,
నోటీసు తిరిగి పోకూడదు."