గుంటలు పూడ్చేవాడు

రీగా హాలులో నా పని చిన్నది.
ఒక బకెట్టు, అందులో నీళ్ళు కలిపిన మంచు ముద్ద,
చేతిలో తాపీ, మోకాళ్ళకి రబ్బరు తొడుగులు.
పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తావని అడిగితే
గుంటలు పూడుస్తానంటాను.
మునిసిపాలిటీనా, అంటారు.
తల ఊపేస్తాను.

ఒంటరిగా ఆడేవాళ్ళు మంచుని గీకుతారు.
జంటలు తవ్వుతారు.
పైన గాలిలో ఏం జరిగిందో కెమెరాలకి ఎరుక,
నాకు తెలిసిందల్లా కింద మిగిలేది.
ఇదిగో, బొటనవేలు దిగేంత ఈ గుంట:
ఒకడు బూటు మొన దింపి గుంజలా పాతుకున్నాడు.
చుట్టూ గానుగ తిరిగినట్టున్న సన్నటి గీత
ఆమెది.
ఆమె జుట్టు మంచుని రాసుకుంటూ పోయిన చోట
ఒక్కోసారి పిన్ను దొరుకుతుంది.
నా కోటు జేబులో ఇరవై ఏళ్ళ పిన్నులున్నాయి,
ఏవి ఏ దేశానివో అడక్కండి.

నిన్న సాయంత్రం, రెండో గుంపులో మూడో జంట.
హంగరీ పిల్లలు, బొరోకా, జలాన్.
తలుపు పక్కన బకెట్టు బోర్లించి కూచున్నాను,
వాళ్ళ ఊపిరి వినపడేంత దగ్గర.

జంటలు లెక్కపెడతారని జనానికి తెలీదు.
సంగీతం కింద, నవ్వు కింద, పళ్ళ సందునించి
ఒకరు అంకెలు వదులుతుంటే ఒకరు అందుకుంటారు.
చైనా అంకెలు, జార్జియా అంకెలు, కెనడా వాళ్ళ ఫ్రెంచి అంకెలు,
అన్నిట్లో నాకు మూడు దాకా వచ్చు.
మూడు దాటాక ఎవరూ నేలమీద ఉండరు.

జలాన్ లెక్కపెడుతున్నాడు.
ఎజ్. కెట్టో. హారొమ్.
విసిరాడు.
విసిరాక కూడా అతని చేతులు
ఆమె నడుం ఆకారంలోనే ఉండిపోయాయి,
బిందె దించాక ఉండే చేతుల్లా.

మూడు చుట్లు. నాలుగు మీటర్ల అవతల
కాలు మోపింది, మోపినట్టే ఉంది,
తుంటిమీద పడింది.
టీవీలో ఆ చప్పుడు వేరు.
ఇక్కడ అది మంచు అడుగునించి వచ్చి
బకెట్టు గుండా నా వెన్నులోకి ఎక్కింది.

లేచింది, నడుం తడుముకోకుండానే.
పాట ఆగదు కదా, దానికేం నొప్పి.
పడింది ఆమె,
రంగు పోయింది అతని మొహాన.

పక్కపక్కన గిర్రున తిరగాల్సిన చోటు నా ఎదురుగానే.
చెవి పెట్టాను.
అతని నోరు తెరుచుకునే ఉంది,
అందులో ఒకటి లేదు, రెండు లేదు.
స్టేషన్లో రెండు గడియారాల్లా
ఎవరి టైము వాళ్ళు తిరుగుతున్నారు.

అప్పుడు సన్నగా, పెదవి చిట్లిన గొంతు.
ఎజ్.
ఆమె!
ఇన్నాళ్ళూ అందుకున్న గొంతు.
కెట్టో.
హారొమ్ అనేసరికి రెండు వీపులూ ఒక్కసారే గోడవైపు,
రెండు మొహాలూ ఒక్కసారే నావైపు.

ఆ తర్వాత అతను ఆమెని తలమీదికెత్తి
హాలంతా ఆ చివరిదాకా మోసుకుపోయాడు.
మేడమీంచి తాళంచెవి జారవిడిచినట్టు
పైనించి అంకెలు పడుతున్నాయి,
కింద అతను పట్టుకుంటున్నాడు.

పద్నాలుగో స్థానం.
పడినందుకు ఒక మార్కు కోత.
లెక్క చేతులు మారినందుకు
ఆ కాగితంలో గడి లేదు.
పూలు ఏరే పిల్లలకి రెండే బొమ్మలు దొరికాయి,
ఒకటి ఉడత, తోక తడిసింది.

నేను బకెట్టు పట్టుకుని వెళ్ళాను.
ఆమె పడ్డ చోట పూడ్చడానికేం లేదు,
అరచేతి వెడల్పున ఒక నునుపు, అంతే.
గుంట అంతకు ముందుంది, ఎగరబోతూ ఆమె మొన దింపిన చోట.
ముద్ద వేశాను. తాపీతో అదిమాను.
ఎజ్, కెట్టో, హారొమ్,
ఇంకా లోపల కొంచెం చోటుంది.

విస్వాల్దిస్, లే, అంటున్నారు వెనకనించి,
పెద్ద బండి బయల్దేరింది.
నాలుగుని వాళ్ళ భాషలో ఏమంటారో
రేపు ఎవరినైనా అడగాలి.