సగటు వర్షపాతం

ఏడో తరగతి సోషల్లో నూటికి తొంభైఎనిమిది.
బెళుగుప్ప బడిలో నాదే ఫస్టు.
"మన జిల్లా సగటు వర్షపాతం ఎంత?"
దశాంశంతో సహా రాసినా.

ఆ యేడు శెనక్కాయ చేను నిలువునా ఎండింది.
ప్రోగ్రెస్ కార్డు మీద నాయన వేలిముద్రలో
సిరా కంటే ఎర్రమన్నే ఎక్కువ.
"తక్కిన రెండూ యాడ పాయ?" అన్నాడు,
విత్తనాల అప్పు లెక్క అడిగినట్టే.

పక్క బెంచీ ఖాజాబీకి ముప్పైనాలుగు.
గాలి వాసన చూసి
"ఈ మబ్బు పడదు" అనింది.
పడలేదు.
దానికి మార్కుల్లేవు.

ఆ కార్డు ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు.
నేనూ పారేయలేదు.

ఇప్పుడు నా బిడ్డ హిమజ
ఒక్క మార్కు పోయిందని అన్నం మానేసింది.
ఏం చెప్పాలో సగం తెలుసు.
కానీ "యాడ పాయ?" అనే
నోటిదాకా వచ్చింది,
నాయన గొంతుతో.