రెండో చరణంలో దగ్గు

మారిబోర్ కచేరీ ముగించుకుని తిరుగు దారి. మంచు.
వచ్చినవాళ్లు నలభై ఒక్కరు,
అందులో ఆరుగురు హాయిగా నిద్రపోయారు.
వ్యానులో హీటరు కాళ్లకే పనిచేస్తుంది.
చెల్లో ఒక్కతే సీటు బెల్టు పెట్టుకుని
మా నలుగురికన్నా హుందాగా కూర్చుంది.

పెట్రోలు బంకులో టీ ఊదుకుంటూ నిలబడితే
నెత్తిమీద స్పీకర్లోంచి ఊడిపడింది ఆ పాట.
ఎనభై ఐదు వేసవంతా దేశాన్ని పీడించిన పాట.
నీ కళ్లు నిమ్మకాయ ఐస్‌క్రీమ్,
నా గుండె కారిపోయే కోను...
సాహిత్యం అంతే. రెండేసిసార్లు చెబుతాడు,
మనకి అర్థం కాలేదేమోనని.

బొగ్దాన్ మూతి ముడిచాడు.
చచ్చిపోయిన జర్మన్లని తప్ప
ముప్పై ఏళ్లుగా ఎవర్నీ వాయించని మనిషి.
"తాళం తప్పు," అన్నాడు. "మూడో దెబ్బ ముందే పడుతోంది.
ఎవడో చవట."
అంటే లెక్కపెడుతున్నాడన్నమాట.
కింద చూస్తే బూటు కూడా ఆడుతోంది.

త్సిరిల్ తనంతట తనే ఒప్పుకున్నాడు:
ఈ పాట కోసమే గిటారు కొనిపెట్టమని
మూడు రోజులు అన్నం మానేశాడట.
అటక మీద తాతగారి వయొలిన్ ఉంది,
దుమ్ము దులిపి అదే చేతిలో పెట్టారు.
"అప్పట్నుంచీ సర్దుకుపోతున్నాను,"
అన్నాడు మా మొదటి వయొలిన్.

నేను చెప్పలేదు.
పిరాన్ దగ్గర ఉప్పు మడుల పక్కన వేసవి శిబిరం,
తీగకి వేలాడదీసిన ఎర్ర బల్బులు,
చొక్కా నిండా డీజిల్ వాసనేసే ఒక కుర్రాడు.
మూడు నిమిషాల ఇరవై సెకన్లు నా నడుం మీద
పక్షిని పట్టుకున్నట్టు పెట్టిన చెయ్యి.
పాట ఆగగానే వేరే అమ్మాయి వైపు నడిచిపోయాడు.
పాట మాత్రం పోలేదు.
తర్వాత సంగీత అకాడమీలో చేరాను.
ఏ పాటని చూసి నవ్వాలో
మొదటి నెలలోనే వచ్చేసింది నాకు.
కమాను సరిగ్గా పట్టుకోవడానికి రెండేళ్లు పట్టింది.

అంతసేపూ యెర్నేయా
కప్పులో చక్కెర కలుపుతూనే ఉంది.
ఉన్నట్టుండి చెయ్యెత్తింది.
"ఉండండి. రెండో చరణం. సముద్రం అన్నాక."
కాఫీ మిషను బుస్సుమంటోంది.
కుర్రాడొకడు కార్డు గీకుతున్నాడు.
సముద్రం, అన్నాడు గాయకుడు,
ఊపిరి తీసుకున్నాడు,
ఆ సందులో,
చెబితే తప్ప వినబడనంత చిన్నగా,
ఎవరో దగ్గారు.

"మా నాన్న," అంది.

స్టూడియోలో వైర్లు లాగే పని, రాత్రి షిఫ్టు.
గాయకుడికి తీరం వెళ్లే బస్సు టైమైంది,
మళ్లీ పాడనన్నాడు.
దగ్గు అలాగే అచ్చయిపోయింది, లక్షా చిల్లర రికార్డుల్లో.
"పల్లవిలో చప్పట్లు నావీ, మా అక్కవీ.
నాకప్పుడు తొమ్మిదేళ్లు.
పదకొండింటికి నిద్రలేపి స్కూటరు మీద తీసుకెళ్లాడు.
ఇద్దరికీ కలిపి ఒక చాక్లెట్టు ఇచ్చారు,
అదీ సగం కరిగింది."

ఆయన పోయి చాలా కాలమైంది.
ఫోటోలున్నాయట. గొంతు ఎక్కడా లేదట.
"కూరగాయల దుకాణంలో దగ్గుతాడు," అంది.
"పళ్ల డాక్టరు దగ్గర దగ్గుతాడు.
ఒకసారి నా విడాకుల రోజు, కోర్టు ఎదుటి టాక్సీలో."
నవ్వింది. మేం నవ్వాలో వద్దో తెలీక
కప్పులు చెత్తబుట్టలో వేసి వచ్చాం.

ట్రోయానే దాటాక, చీకట్లో,
బొగ్దాన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు:
"ఆ మూడో దెబ్బ... నువ్వా?"

"మా అక్క," అంది వెనక సీట్లోంచి.
"దానికి నిద్రొస్తోంది."