ద లేనివాళ్లం

మోటారు వైండింగు షాపు మీద మేడగది.
కిందనుంచి వార్నిషు కాలిన వాసన.
మెట్ల పక్కన నా బోర్డు:
సుభాషిణి స్పోకెన్ ఇంగ్లీష్, రాజోలు.
ముప్పై రోజుల్లో అని రాయించలేదు,
అబద్ధానికి కూడా పెయింటరు
అక్షరానికింతని తీసుకుంటాడు.

రిగ్గు మీద పనిచేసే ఆర్కాదీ
సైకిలు దిగి పైకొచ్చాడు,
తల గుమ్మానికి కొట్టుకుంది.
మొదటి పాఠం ఆ దెబ్బతోనే:
మైండ్ యువర్ హెడ్.
మైండంటే బుర్ర కదా మిస్,
బుర్రని బుర్రేం చెయ్యాలి?

రెండు వందల పేజీల నోటుపుస్తకంలో
గెట్ కోసం మూడు పేజీలు నింపుకొచ్చాడు.
లేవడం గెట్, దిగడం గెట్,
జ్వరం రావడం, జీతం రావడం,
పెళ్లి కావడం, అర్థం కావడం,
పొమ్మని తిట్టడం కూడా గెట్టేనట.
ఇది మాటా, మీ ఊరి బస్టాండా అన్నాడు.

నేను మా పడు గురించి చెప్పాను.
కనపడుతుంది, వినపడుతుంది,
భయపడతాం, సిగ్గుపడతాం,
బాకీ పడతాం, అలవాటు పడతాం,
నిలబడటంలో కూడా పడటముంది చూడు.
ఇన్నిసార్లు పడినా
మోకాలు చెక్కుకోని మాట.
గెట్ పేజీ నెత్తిన తెలుగులో
ఎండిన కొబ్బరాకు వంకరతో
పడు అని రాసుకున్నాడు.

రన్ దగ్గర ఇద్దరం ఆగాం.
ఇంగ్లీషులో ముక్కు పరిగెడుతుంది,
కుళాయి పరిగెడుతుంది,
కింద కదలకుండా ఉన్న షాపూ పరిగెడుతుంది.
మా దగ్గర షాపు నడుస్తుంది, బస్సు నడుస్తుంది.
మరి మీ దగ్గర?
బస్సు నడుస్తుంది, గడియారం నడుస్తుంది,
వాన కూడా నడుస్తుంది అన్నాడు.
కిటికీలోంచి చూశాను.
తాటిపాక వైపునుంచి, కొబ్బరి మట్టల మీదుగా,
నిజంగానే నడిచొస్తోంది,
గొడుగు లేని మనిషిలా, తొందరేం లేకుండా.

ద గురించి ఎలా చెప్పను?
వాల్వ్ కట్టెయ్యమని ఫోర్‌మన్ అరిచాడట.
ఒక వాల్వా, ఆ వాల్వా?
తేల్చుకునేలోపు ఒళ్లంతా బురద.
అతని భాషలో ద లేదు. నా భాషలోనూ లేదు.
ఇన్నేళ్లుగా పిల్లల కాగితాల్లో
ఎర్రపెన్నుతో నేను అతికించిన ద లన్నీ
కందిరీగల్లా లేచి నా మీదికొచ్చాయి.
ఈజ్ కూడా లేదు: ఇది ఇల్లు. అంతే.
హేవ్ లేదు: నా దగ్గర ఉంది. అంతే.
నాకు చలి అంటాం ఇద్దరం,
చలి ఎక్కణ్నుంచో వచ్చి
మన పక్కన కూర్చున్నట్టు.
ఇంగ్లీషులో నేనే చలినైపోవాలి.

ఒకరోజు సఖినేటిపల్లి రేవులో
ఆఖరి పంటు తప్పిపోయి
చీకటి పడ్డాక వచ్చాడు.
ఐ మిస్ పంటు, మిస్.
మిస్డ్, అన్నాను. ద పంటు, అన్నాను.
ఆయ్, అన్నాడు,
మెస్సులో వంటాయన నేర్పిన ఆయ్.
మెట్ల మీద కూర్చుని, చాలాసేపటికి,
ఐ మిస్, అని మళ్లీ మొదలుపెట్టి
తర్వాత ఏ మాటా పెట్టలేదు.
ఈ వాక్యానికి కర్మ ఏదీ
అని అడగాల్సిన టీచర్ని.
అడగలేదు.

నోటుపుస్తకం అందుకున్నాను.
మిస్: పంటు తప్పిపోవడం.
మిస్: పెళ్లికాని పంతులమ్మ.
మిస్: ఖాళీ.
ఆ ఖాళీలో బెంగ అని రాశాను.
దీన్ని మేం పెట్టుకుంటాం అని చెప్పాను,
ఎవరూ ఇవ్వకుండానే.
బ్యెంగా, అన్నాడు.
ఆ యకారం ఎక్కడిదో. దిద్దలేదు.
దాని పక్కన తన భాషలో ఒక మాట రాసి
తస్కా, అని చదివాడు.
నా చెవికది తస్కరించడంలా తగిలింది,
ఎవరో ఏదో ఎత్తుకుపోయినట్టు,
ఏమిటో ఇంకా చూసుకోనట్టు.

రిగ్గు విప్పి వేరే ఊరు తీసుకుపోయారు.
కింద షాపు నడుస్తోంది.
పిల్లలిప్పటికీ ద మర్చిపోతారు.
ఎర్రపెన్ను మూత తియ్యడానికి
ఈమధ్య నాకు కాస్త టైము పడుతుంది.
ఇదుగో, మళ్లీ పడు.